లేటు ఫీజు

గడువు దాటిన వెబ్‌సైట్ పేర్ల జాబితాను సత్యవాణి రోజూ కాగితం మీద ప్రింటు తీసుకుంటుంది. ఐర్లండ్‌లోని మెయ్‌నూత్‌లో వెబ్‌సైట్ పేర్లు అమ్మే ఒక చిన్న కంపెనీలో రెన్యువల్స్ పని ఆమెది. వరుస కింద స్కేలు పెట్టి, పేరులోని ఒక్కో అక్షరాన్నీ పెదాలతో పలికి చూసుకున్నాకే బటన్ నొక్కుతుంది. కస్టమర్లకు మెయిళ్లు వాటంతటవే వెళ్తాయి. అయినా పేరు చేజారే ముందు తనే ఒకసారి ఫోన్ చేస్తుంది. ఈ ఉదయం అలాగే కాజిల్‌బార్‌లో పసిపిల్లలకు ఊలు టోపీలు అల్లి అమ్మే సరోజకు చేసింది. భర్త రంగనాథ్ ఎత్తాడు. సరోజ ఫిబ్రవరిలో పోయిందన్నాడు.

సత్యవాణి స్కేలు పక్కన పెట్టింది. "అయ్యో, అంకుల్! రేపటితో ఆ పేరు పోతుంది. ఓనర్ చనిపోయారని టిక్ పెడితే లేటు ఫీజు ఉండదు. పేరు మీకు మార్చేస్తాను."

"వద్దమ్మా. ఫీజు కట్టేస్తా. మర్చిపోయిందని రాయి."

"ఊరికే ఎనభై యూరోలండీ..."

"మా ఆవిడ ఏ బిల్లైనా టైముకు కట్టిందా? ప్రతిసారీ తిట్టుకుంటూ నేనే ఫైన్ కట్టేవాణ్ణి. ఈసారీ నన్నే కట్టనీ తల్లీ."

తొమ్మిదేళ్లలో ఆ ఫారంలో ఒక్క తప్పూ రాయని సత్యవాణి, కారణం దగ్గర 'మర్చిపోయారు' అని పెట్టింది. ఓనర్ గడిలో ఉన్న సరోజ పేరును అక్షరం అక్షరం పలికి చూసుకుని, అలాగే ఉంచి బటన్ నొక్కింది.