నాన్న వేసే ఉప్పు

వంటింట్లో మా ఆవిడ ధనియాలు, ఎండుకొబ్బరి వేయిస్తోంది. ఆ వాసనకి మా నాన్న గొప్ప వంట గుర్తొచ్చింది.

చిన్నప్పుడు చిల్లకల్లులో మా ఇంట్లో ఆదివారం రాత్రి వేటకూర ఉండేది. ఉల్లిపాయలు తరిగి, మసాలా నూరి, పొగకి కళ్లు నులుముకుంటూ వండేది అమ్మ. దింపబోయే ముందు నాన్న వచ్చి, ముక్క నమిలి, "చప్పగా ఉందే" అంటూ చిటికెడు ఉప్పు వేసేవాడు. అంతే, వంట ఆయనదైపోయేది. "నా చెయ్యి పడితేనేనండీ రుచి" అని చుట్టాలకి చెప్పుకునేవాడు. అది నమ్మి, ఇన్నేళ్లు వండినా ఉప్పు వెయ్యడం రాదని అమ్మని నేనూ చిన్నచూపు చూసేవాణ్ణి.

ఓ ఆదివారం అమ్మ పరువు కాపాడదామని, ఆమె పెరట్లోకి వెళ్లగానే నేనే చెంచాడు ఉప్పు వేశాను. ఆ మహా వంటగాడు వచ్చి, ముక్క నమిలి, ఎప్పట్లాగే "చప్పగా ఉందే" అని ఇంకాస్త వేశాడు. చుట్టాలు మొదటి ముద్దకే నీళ్ల గ్లాసులందుకున్నారు.

"ఉప్పు చూసుకోవక్కర్లేదా? ఏం వంటే ఇది?" అని అమ్మ మీదే అరిచాడు.

తర్వాత నేను ఏడుస్తూ ఒప్పుకుంటే అమ్మ, "ఆయనెలాగూ వేస్తారనే నేను తగ్గించి వేస్తాన్రా" అంది.

ఏ రుచీ తెలియని ఆ నాలుకని తలుచుకుంటే నాకిప్పటికీ వెటకారంగా నవ్వొస్తుంది.

కూర ఉడికాక మా ఆవిడ పిలిచింది. "ఏవండీ, ఉప్పు చూడండి."

చూశాను. కాస్త తక్కువైంది. పోయిన ఆదివారం కూడా తక్కువే అయింది. అంతకుముందు ఆదివారమూ అంతే.

అప్పటికే నా చెయ్యి ఉప్పు డబ్బాలో ఉంది.