కాళ్ళు కడుక్కోకుండా తెచ్చిన మట్టి

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళ వయసులో, నేను కోటానుకోట్ల ప్రాణాల్ని బెల్లం నీళ్ళలో ఉడకేసి చంపాను. ఈ మాట అన్నప్పుడల్లా మా ఇంట్లో పిల్లలు అన్నం కలుపుకోవడం ఆపి నా మొహంలోకి చూస్తారు. "నిజంగానా పెద్దమ్మా?" అంటారు. నిజంగానే. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, నాకు కల్పించి చెప్పడం రాదు. జరిగింది జరిగినట్టు గుర్తుంటుంది, అంతే.

మాది ఉయ్యూరు దగ్గర పల్లె. నన్ను పెంచింది మా అమ్మమ్మ. అప్పటికి ఆవిడ ఊళ్ళో అందరి చేలల్లో నాటు వేసిన మనిషి, అందరి చేలల్లో కోత కోసిన మనిషి. తనదంటూ చేసుకున్న చేను మాత్రం లేదు. తొంభైల్లో, నాకు ఊహ బాగా తెలిసే వేళకి, బెజవాడలో ఉండే ఒకాయన దగ్గర అరెకరం కౌలుకి పుచ్చుకుంది. "నా చేను" అనే మాట అమ్మమ్మ నోట మొదటిసారి అప్పుడే విన్నాను. అలా అన్నప్పుడు గొంతు కొంచెం తగ్గించేది, ఎవరైనా విని కాదంటారేమోనన్నట్టు.

అంత సులువుగా ఆ చేను దొరకడానికి కారణం ఉంది. బెజవాడలో అపార్ట్‌మెంట్లు లేస్తున్న రోజులవి. ఆ అరెకరంలో పై మట్టిని మోకాలి లోతున ఇటుకల బట్టీవాళ్ళు తవ్వుకుపోయారు. పక్క చేల గట్టు మీంచి అందులోకి దిగితే మెట్టు దిగినట్టే ఉండేది. మిగిలింది పాలిపోయిన అడుగు మట్టి. తడిస్తే సబ్బులా జారేది, ఎండితే పెంకులా పగిలేది. వరి ఎలాగో నాలుగు గింజలు పండింది గానీ, వరి తర్వాత వేసే మినుము మాత్రం మొదటి ఏడు జానెడు ఎదిగి పసుపు పచ్చగా తిరిగి చచ్చింది.

చేనుగలాయన స్కూటరు మీద వచ్చి చూసి, "వచ్చే ఏడు కూడా మినుము ఇలాగే పోతే నేనేం చెయ్యలేనమ్మా. బట్టీవాడు మళ్ళీ అడుగుతున్నాడు. ఇంకో మోకాలి లోతు తవ్వుకోమంటాను" అని చెప్పి వెళ్ళిపోయాడు. అమ్మమ్మ ఆ రోజు అన్నం తినలేదు.

రెండో ఏడు కార్తీకం వెళ్ళాక వ్యవసాయ శాఖాయన మా ఊరొచ్చాడు. రామాలయం అరుగు మీద కూర్చుని, నల్లటి పొడి ఉన్న పొట్లాలు పంచాడు. ఆ పొడిలో కంటికి ఆనని జీవాలుంటాయనీ, అవి మినుము వేళ్ళలో గూళ్ళు కట్టుకుని కాపురం చేస్తాయనీ, గాలిలో ఉన్న బలాన్ని పట్టి మొక్కకి పెడతాయనీ, మొక్క వాటికి తిండి పెడుతుందనీ చెప్పాడు. చల్లారిన బెల్లం నీళ్ళలో కలిపి విత్తనాలకి పట్టించమన్నాడు. మగవాళ్ళు నవ్వారు. అమ్మమ్మ నవ్వలేదు. "మా చేలో అవి లేవాండీ?" అని అడిగింది. "ఏటా మినుము పండే చేలల్లో వాటంతటవే ఉంటాయమ్మా. మీ చేలో పై మట్టితోపాటే పోయుంటాయి" అన్నాడాయన. చివరి పొట్లం అమ్మమ్మకే దొరికింది. దాన్ని కొంగులో కట్టుకుని, పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు ఇంటికి తెచ్చింది.

మా వైపు మినుములు వరి కోశాక చల్లరు. కోతకి ముందు, నేలలో తడి ఆరకుండానే, నిలబడున్న వరిలో చల్లేస్తారు. కోత అయ్యాక, కోసి పరిచిన పనల కింద మొలకలు లేస్తాయి. కోత దాటిందా, తడి పోయినట్టే, ఆ ఏడు మినుము లేనట్టే. మా చేను కోత ఎల్లుండి. అమ్మమ్మ పొయ్యి మీద బెల్లం నీళ్ళు పెట్టి, "కాగాక దించి చల్లారనియ్యి. నేనొచ్చేదాకా పొట్లం ముట్టుకోకు" అని నాకు చెప్పి, కూలీలతో మాట్లాడ్డానికి వెళ్ళింది.

నాకు ఆగడం చేతకాదు, ఇప్పుడూ చేతకాదు. ఆవిడొచ్చేసరికి పనంతా పూర్తిచేసి, "మా బంగారం" అనిపించుకోవాలని నా ఆరాటం. బెల్లం నీళ్ళు తెర్లుతుండగానే పొట్లం చింపి మొత్తం ఒంపేశాను. గరిటెతో గుండ్రంగా తిప్పాను. నల్లగా, చిక్కగా, బ్రహ్మాండంగా ఉంది! అమ్మమ్మ గుమ్మంలో అడుగుపెట్టగానే, "చూడు, కలిపేశా!" అని గంతేశాను. ఆవిడ గిన్నెలో వేలుపెట్టి చటుక్కున లాక్కుంది. కాలిన వేలు నోట్లో పెట్టుకుని, పొయ్యిని చూసింది, నన్ను చూసింది.

"ప్రభువా, దీన్ని నాకెందుకిచ్చావయ్యా! ఉడకేసిన గుడ్ల మీద కోడిని కూర్చోబెడితే పిల్లలు లేస్తాయటే?"

అప్పుడు అర్థమైంది నాకు. ఏడవడానికి కూడా భయమేసింది. అమ్మమ్మ కొట్టలేదు. చెప్పులేసుకుని ఉయ్యూరు బస్సెక్కి, ఆఫీసుకి వెళ్ళి, ఉత్తి చేతులతో తిరిగొచ్చింది. పొట్లాలు అయిపోయాయట, మళ్ళీ వారానికి గానీ రావట. గుమ్మంలో చతికిలబడింది. ఉన్నట్టుండి లేచి, "పదవే" అని నన్ను రెక్క పుచ్చుకు లాక్కెళ్ళింది.

వెళ్ళింది మా పక్క చేను తాతయ్య దగ్గరికి. ఆయన చేలో మినుము నా అంతెత్తు పెరుగుతుందని నేను బడిలో కోతలు కోసేదాన్ని. నడుముదాకానైనా వచ్చేది లెండి. ఆయనకో పట్టింపు ఉండేది. చేలోంచి గట్టెక్కే ముందు తన కాలవలోనే కాళ్ళు కడుక్కునేవాడు, కూలీల చేతా కడిగించేవాడు. తన మట్టి తన చేలోనే ఉండాలి. పరిగె ఏరుకోవడానికి, అంటే కోతలో రాలిన కంకులు ఏరుకోవడానికి, పిల్లలెవరినీ రానిచ్చేవాడు కాదు. మేమంతా ఆయన కర్ర చప్పుడు వింటే పారిపోయేవాళ్ళం.

అమ్మమ్మ నిలబడే అడిగింది. "అన్నయ్య గారూ, మీ చేలోంచి ఒక్క తట్టెడు మట్టి ఇప్పించండి."

"వడ్లడుగమ్మాయ్, ఇస్తాను. గడ్డడుగు, ఇస్తాను. మట్టి మాత్రం అడక్కు. గింజ ఇంటికి చేరేదాకా చేలో మట్టి చిటికెడు కూడా చెయ్యి దాటనివ్వనని మా అమ్మకి మాటిచ్చాను. ఆవిడ పోయే ముందు అడిగి మరీ ఇప్పించుకుంది. అయినా మట్టెందుకు నీకు?"

అమ్మమ్మ జరిగిందంతా చెప్పింది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఇదా వండింది? ఎంతమందికి ఎసరు పెట్టావే మనవరాలా!" అని పకపకా నవ్వాడు. నేను అమ్మమ్మ చీర కుచ్చెళ్ళలో మొహం దాచుకున్నాను. నవ్వు ఆపి, "ఆ జీవాలు మా చేలో ఉన్నాయని ఆ ఆఫీసరు చెప్పాడా?" అని అడిగాడు.

"ఏటా మినుము పండే చేలో ఉంటాయన్నారండీ. మీకంటే బాగా పండించేవాళ్ళెవరు?"

ఆయన మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. అయినా, "ఇవ్వను, ఇవ్వకూడదు" అనే అన్నాడు. అమ్మమ్మ ఇంకేమీ అడగకుండా వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే మా వీధిలో కర్ర చప్పుడు. తాతయ్యే! వీధి మధ్యలో నిలబడి, "పిల్లలూ, మా పల్లపు మడిలో కోత అయింది. పరిగె ఏరుకునేవాళ్ళు రండి!" అని అరుస్తున్నాడు. చెవులు నమ్మలేకపోయాం. ఆయన మనసు మారేలోగా వెళ్ళాలని ఎనిమిదిమందిమి ఒకటే పరుగు. అన్ని మళ్ళలోకీ పల్లం అదే. తడి ఎక్కువగా ఉందని ఆ ఏడు అందులో ఇంకా మినుము చల్లలేదు. చీలమండల దాకా దిగబడే బురద. పడుతూ లేస్తూ, తోసుకుంటూ, చారెడేసి కంకులు ఏరుకున్నాం. గట్టెక్కి, అలవాటు ప్రకారం కాళ్ళు కడుక్కోవడానికి కాలవలోకి దిగబోయాం.

"ఏయ్! కాలవలో కాలు పెట్టారంటే విరగ్గొడతాను!" కర్రతో గట్టు మీద ఒక్కటిచ్చాడు. "అలాగే పొండి. నేరుగా దీని అమ్మమ్మ గుమ్మంలోకే పొండి. దారిలో ఎక్కడా కడుక్కోవద్దు."

మాకేమీ అర్థం కాలేదు. అవతలి గట్టు మీద నిలబడున్న అమ్మమ్మకి మాత్రం అర్థమైంది. కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటూ, "అన్నయ్య గారూ, పిల్లల కాళ్ళకి మీ మట్టి అంటుకుని పోతోందండోయ్!" అని కేకేసింది.

"పోతే పోనీ! కాళ్ళకి అంటుకున్నది నా చేత్తో ఇచ్చింది కాదుగా!"

నాకప్పుడు వెలిగింది. ఇంటికి పరిగెత్తాం. అమ్మమ్మ మా కంటే ముందే అడ్డదారిన వచ్చి, గుమ్మంలో పెద్ద బేసిన్ పెట్టుకుని కూర్చుంది. ఒక్కొక్కరి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కొబ్బరి చిప్పతో మట్టి గీకింది. చక్కిలిగింతలకి అందరం మెలికలు తిరిగిపోయాం. గీకడం అవగానే మళ్ళీ మడికి. మూడోసారి వెళ్ళేసరికి అక్కడ ఒక్క కంకి లేదు.

"ఎక్కడుంది తాతా? అంతా ఏరేశాం!" అన్నాడు మాలో ఒకడు.

"కళ్ళు పెట్టి చూడరా గుడ్డి వెధవా! బాగా లోపలికి తొక్కి చూడు!"

తొక్కాం. ఎవరి కాళ్ళకి ఎక్కువ మట్టి అంటుతుందా అని పందెం వేసుకుని మరీ తొక్కాం. ఒకడు కావాలనే జారిపడి, వీపునిండా తెచ్చాడు. వాడే గెలిచాడు. బేసిన్ నిండింది.

అమ్మమ్మ మళ్ళీ బెల్లం నీళ్ళు కాచింది. ఈసారి చల్లారేదాకా నన్ను గిన్నె పక్కనే కూర్చోబెట్టి, మధ్య మధ్య నా చేతే వేలు పెట్టించి చూసింది. పూర్తిగా చల్లబడ్డాక మట్టి కలిపి, మినుములకి పట్టించి, మంచం కింద నీడలో గోనె మీద ఆరబోసింది. సాయంత్రం ఇద్దరం వరిలోకి దిగి చల్లాం. మర్నాడు కోత అయిపోయింది.

మొలకలు బాగానే లేచాయి. కానీ ఇరవై రోజులకి, తాతయ్య చేను నల్లగా నిగనిగలాడుతుంటే, మాది మళ్ళీ పాలిపోయినట్టు కనిపించింది. అమ్మమ్మ రోజూ గట్టు మీద కూర్చుని చూసేది. ఆ వారంలోనే చేనుగలాయన స్కూటరు వచ్చి ఆగింది. వెనక సీటు మీద బట్టీవాడు!

"పోయిన ఏడులాగే ఉందిగా" అన్నాడు చేనుగలాయన.

"ఒక్క నిమిషం ఆగండి బాబుగారూ" అని అమ్మమ్మ చేలోకి దిగింది. బొరిగతో ఒక మొక్కని మట్టితో సహా నెమ్మదిగా పెకలించి, కాలవ నీళ్ళలో జాడించింది. వేళ్ళనిండా బుడిపెలు! ఆవగింజంతవి, జొన్నగింజంతవి, పూసలు గుచ్చినట్టు వరసగా.

"ఇదేంటి, తెగులా?" అన్నాడాయన వెనక్కి జరిగి.

అమ్మమ్మ ఒక బుడిపెని గోటితో చిదిపింది. లోపల గులాబీ రంగు, పసిపిల్ల నోటి చిగురులా! లోపల ఎర్రగా ఉంటే అవి పనిలో ఉన్నట్టేనని ఆఫీసరు చెప్పిన మాట నాకు గుర్తుంది. నేను కెవ్వున అరిచి, తాతయ్యని పిలవడానికి పరిగెత్తాను. ఆయన వచ్చి, గట్టు మీద నిలబడి, ఆ వేరుని తేరిపార చూశాడు.

"తెగులు కాదయ్యా. వీళ్ళు మా చేను వాళ్ళు. మీ చేలోకి కాపురానికొచ్చారు. ఇంకో పది రోజులు చూడు. అప్పటికీ పచ్చబడకపోతే నీ ఇష్టం."

పది రోజులు ఆగాల్సిన పని కూడా లేకపోయింది. ఆరో రోజుకే అడుగు ఆకుల నుంచి పచ్చదనం పైకి పాకింది. నేను బడి ఎగ్గొట్టి చూసేదాన్ని. తాతయ్య చేనంత కాదు, ఆ మాట చెప్పాలి. అయినా పూత నిలిచింది, కాయ నిండింది. బట్టీవాడు మళ్ళీ మా చేలో దిగలేదు.

ఆ తర్వాత అమ్మమ్మ మినుము పొట్టు గానీ, వరి మోళ్ళు గానీ తగలబెట్టనివ్వలేదు. అన్నీ ఆ నేలకే కలిపి దున్నించింది. ఏటికేడు మట్టి రంగు మారింది. రెండువేలు దాటిన కొన్నేళ్ళకి, పిడికెడు తీసి చూస్తే తాతయ్య చేను మట్టికీ మా మట్టికీ నేనే తేడా చెప్పలేకపోయాను. వ్యవసాయం చదివిన మా తమ్ముడి కొడుకు, ఆ నలుపంతా కర్బనమనీ, గాలిలో తిరగాల్సినదాన్ని మొక్కలూ ఆ జీవాలూ కలిసి నేలలో దాచాయనీ చెప్పాడు. అమ్మమ్మ బతికుంటే ఆ మాట నాలుగుసార్లు చెప్పించుకునేది.

అమ్మమ్మ తాతయ్యకి ఏనాడూ కృతజ్ఞతలు చెప్పలేదు. ఆ ఊసే ఎత్తలేదు. ఎంత మొండి మనిషో అనుకున్నాను అప్పట్లో. చెబితే ఆయన ఇచ్చినట్టవుతుంది, వాళ్ళమ్మకిచ్చిన మాట తప్పినట్టవుతుంది. ఈ సంగతి తెలియడానికి నాకు పెళ్ళై, ఇద్దరు పిల్లలు పుట్టాల్సొచ్చింది. అందుకే ఇప్పుడు ఎవరైనా మొహం మీదే "ఇవ్వను" అంటే నాకు కోపం రాదు. ఎవరికిచ్చిన మాట అడ్డుందో అనుకుని, మర్నాటి పొద్దు దాకా ఆగుతాను. చాలాసార్లు ఏమీ రాదు. వచ్చిన రోజున మాత్రం, ఏమీ ఎరగనట్టు పుచ్చుకుని వచ్చేస్తాను.