వాన పడ్డాక విప్పిన కొట్టం

కర్నూలు రాజధాని అయిన కొత్తలో నేను ప్యాపిలి పక్కనుంచి ఆళ్లగడ్డ దగ్గరి పల్లెకు కోడలుగా వచ్చాను. మా అత్త కాపురానికొచ్చిన రోజుల్లో ఊరి బీడులో కసువు నడుం దాకా పెరిగేదట. నేనొచ్చేసరికి వానలు ముఖం చాటేశాయి. బీడు మట్టి తేలింది. ఆ ఊరివాళ్లకు కరువు కొత్త. నాకేం కొత్త, దాని చేతుల్లోనే పెరిగాను.

మరుసటేడు గడ్డివామి అడుగంటింది. మిగిలింది ఒక జత ఎద్దులు. అవి నిలబడితేనే కొర్ర విత్తుతాం, విత్తితేనే తింటాం. అంతలో ఒక సాయంత్రం వాన దంచికొట్టింది. వారం తిరక్కుండానే బీడంతా పచ్చబడింది. ఊరు ఊరంతా పశువులను తోలింది. మా ఆయన కూడా పలుపు విప్పబోతే అడ్డం నిలబడ్డాను.

"ఇప్పుడే తోలొద్దు. ఆ కసువు నోటికందదు. పచ్చి వాసన తగిల్తే ఎండుమేత ముట్టవు, పొద్దంతా తిరిగి తిరిగి పడిపోతాయి. గిట్ట మునిగేదాకా పెరగనీ."

"అందాక ఏం పెడ్తావ్? నీ తలకాయా?"

"కొట్టం మీద ఉండాది కదా!"

కొట్టానికి కప్పిన బోదకసువు సంగతి అది. మా పుట్టింటివైపు గడ్డు రోజుల్లో కప్పు విప్పి, కుళ్లిన పైపొర పారేసి, లోపలిదానికి ఉప్పునీళ్లు చల్లి మేపుతారు. మా అత్త నిచ్చెన తెచ్చింది.

పక్కింటి పెద్దాయన గోడమీదుగా చూసి పడీపడీ నవ్వాడు. "వాన పడినాక కప్పు విప్పుతాండారేందప్పా! ఇదేనా ప్యాపిలి తెలివి?"

నాకు ఒళ్లు మండింది. "నవ్వుకో మామా, విత్తేనాడు మాట్లాడుకుందాం" అన్నాను.

మళ్లీ వాన పడింది. ఎద్దులు నానాయి, వాటికి గోనెపట్టాలు కప్పుతూ నేనూ నానాను. మా ఆయన మూతి ముడుచుకునే తిరిగాడు. అయినా విత్తేనాడు మా ఎద్దులు గొర్రు లాగాయి. పక్కచేలో పెద్దాయన ఎద్దు సాలులోనే కూలబడింది, ఎంత అదిలించినా లేవలేదు.

సాయంత్రం ఆయన మా వాకిట్లోకి వచ్చాడు. "నేల పదును ఆరిపోతాండాదప్పా. మీ ఎద్దులు ఇస్తే..."

మా ఆయన వాళ్లమ్మ వైపు చూడలేదు. నా వైపు చూశాడు. "ఏం చెప్తావ్?" అన్నాడు. ఆ ఇల్లు నాదని మొదటిసారి అనిపించింది.

"తోలుకపో మామా. కసువు పెరిగినాక మా కొట్టం మాత్రం నువ్వే కప్పాల."

ఆ ఏడు కసువు నడుం దాకా రాలేదు. కొట్టానికి సరిపోయేంత వచ్చింది. పెద్దాయనే మోసుకొచ్చి కప్పాడు.