కళ్లు మూసుకుంటే గోధుమ బీరు ఏది?

లైబ్రరీలో నాలుగు పుస్తకాలు చదివి బీరు సంగతంతా తెలుసుకున్నవాణ్ణి. అలాంటి నేను చెన్నైలో ఎలా ఓడిపోయానో రాసిపెట్టకపోతే ఆ చదువు సగమే అవుతుంది.

మండువేసవి. చూలై పేటలోని ఒక బారులో, నా బల్ల దగ్గరే కూర్చున్న ఏసుపాదం అనే తొండియార్‌పేట ఆయనకు గోధుమ బీరుకూ బార్లీ బీరుకూ తేడా వివరిస్తున్నాను.

"కండ్లు మూసుకొని చెప్పు సార్. తప్పితే ఇంక పాఠం ఆపేయాల," అన్నాడు.

సర్వర్ సెల్వం రెండు రకాలూ చెరో గ్లాసులో పోసి, తారుమారు చేసి పెట్టాడు. నేను రెండూ చప్పరించి ధీమాగా చెప్పాను. తప్పింది. ఏసుపాదం కళ్లు మూసుకుని వాసన మాత్రమే చూసి, "గోదుమది ఇదే" అన్నాడు.

"ఎలా?"

"హార్బర్లో గోదుమ మూటలు మోసినోణ్ణి సార్. ఆ వాసన నా ముక్కులోనే ఉండాది."

పాఠం ఆపేశాను. ఆయన చేసినట్టు ముందు వాసన చూసి, తర్వాత తాగాను. ఇప్పుడు నన్నెవరైనా పరీక్షించవచ్చు.

గ్లాసులు మార్చిన సెల్వానికి, నా ముక్కుకు అక్షరాభ్యాసం చేసిన ఏసుపాదం అన్నకు కృతజ్ఞతలు.