ఇసుకలో దాక్కున్న పసుపుపచ్చ చేప

మా పెద్దమ్మ మొండిఘటం. ఇది తిట్టు కాదు, మా ఇంట్లో ఆమెకున్న బిరుదు. అలంకార చేపల దుకాణంలో పన్నెండేళ్ళుగా పని. పొద్దున్నే వెళ్ళి అద్దాలు తుడిచి, ఉప్పునీళ్ళు కలిపి, ఏడున్నరకి మేత వేస్తుంది.

ఆ సోమవారం ఓనరు ఓ సముద్రపు చేపను తెప్పించాడు. రాస్ జాతిది. వేలెడంత పొడవు, పసుపుపచ్చ ఒళ్ళు, వీపు మీద నల్ల చుక్కలు. తొట్టిలో వదిలారో లేదో, మాయమైపోయింది.

"మూత సరిగ్గా పెట్టి ఉండవు. బయటికి ఎగిరి పడుంటుంది," అన్నాడు ఓనరు. ఆయనకి కోపం ముక్కు మీదే ఉంటుంది.

"ఇసుకలో ఉందండీ. ఆ జాతి బెదిరితే ఇసుకలో దూరుతుంది."

"అయితే తవ్వు."

"తవ్వితే ఒళ్ళు గీరుకుపోయి చస్తుంది. అదే వస్తుంది లెండి."

"వారం చూస్తా. వచ్చే సోమవారం నేనే తవ్వుతా. చేప లేకపోతే నువ్వింక రానక్కర్లేదు."

పెద్దమ్మ రోజూ ఏడున్నరకి అదే మూల చిటికెడు మేత వేసింది. పక్క కొట్టు దర్జీ తొంగిచూసి, "ఖాళీ తొట్టికి భోజనాలేంటక్కా?" అన్నాడు.

"నువ్వు ముందు జేబులు తిన్నగా కుట్టడం నేర్చుకో."

ఇంట్లో నేను చెవినిల్లు కట్టుకుని పోరాను. ఉద్యోగం పోతుంది, ఒక్కసారి తవ్వి చూడమన్నాను. ఆమె మాత్రం హాయిగా గురకపెట్టి నిద్రపోయింది.

సోమవారం నేనూ వెంట వెళ్ళాను. ఓనరు అప్పటికే చొక్కా చేతులు మడిచి, గరిటె పట్టుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ తొట్టికి అడ్డం వెళ్ళింది.

"మేత వేళైంది. వేయనివ్వండి."

వేసింది. ఏమీ లేదు. అంతలో ఇసుక కదిలింది. ముందు మూతి, తర్వాత కన్ను, ఆ తర్వాత పసుపుపచ్చ ఒళ్ళంతా బయటికొచ్చింది. మేత తిని, తొట్టి చుట్టూ తీరిగ్గా ఓ తిరుగుడు తిరిగింది. ఓనరు గరిటె వెనక్కి దాచుకున్నాడు.

సాయంత్రం ఇంటికి నడుస్తూ అడిగాను. "అంత ధీమా ఎక్కడిది పెద్దమ్మా నీకు?"

"మీ అమ్మ పోయాక నిన్ను తెచ్చుకున్నానా, అప్పుడు నీకు మూడేళ్ళు. తొమ్మిది రోజులు మంచం కిందే ఉన్నావు. కాళ్ళు పట్టి లాగమన్నారు అందరూ. నేను లాగలేదు. రోజూ ఒకే వేళకి కంచం పెట్టి, పక్కన కూర్చున్నా."

"మరి వచ్చానా?"

"పదో రోజు వచ్చావు. రాకపోతే పదకొండో రోజూ పెట్టేదాన్ని."