నాయన కడుపు, అమ్మ దగ్గు

పోయిన ఏడాది నంద్యాలలో మా నాయనకు పేగు ఆపరేషన్ జరిగింది. కడుపు, పేగులు మళ్ళీ కదిలి చప్పుడు చేసేదాకా గుక్కెడు నీళ్ళు కూడా ఇవ్వొద్దన్నారు డాక్టరు. నర్సు స్టెతస్కోపు పెట్టి విన్నప్పుడల్లా తల అడ్డంగా ఊపేది. 

ఆళ్ళగడ్డ నుంచి మా చర్చివాళ్ళు వచ్చారు. మంచం చుట్టూ నిలబడి, కళ్ళు మూసుకుని మౌనంగా ప్రార్థిస్తున్నాం. అంతలో గుర్ర్... గుడగుడ!

చర్చిలో ఉపవాస ప్రార్థనల్లో నాయన కడుపు ఎప్పుడూ ఇట్లాగే మోగేది. అది ఎవరికీ వినిపించకుండా, అమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి గట్టిగా దగ్గేది. ఆ అలవాటుకొద్దీ ఇప్పుడూ దగ్గేసింది.

"మేయ్, దగ్గొద్దు! దీనికోసమే గదా అందరూ కాసుకోనుండేది!" అన్నాడు నాయన, నీరసంగానే.

అమ్మ దగ్గు సగంలో ఆగిపోయింది. "పాపా, మీ నాయన కడుపు కదుల్తాంది! నర్సమ్మను బేగా పిల్చుకరా పో!" అని నన్ను తోసింది. నర్సు వచ్చి విని, నవ్వి, తల నిలువుగా ఊపింది. వార్డంతా మా స్తోత్రాలే!

ఈ గుడ్‌ఫ్రైడే నాడు చర్చిలో, అందరూ మౌనంగా ఉన్నప్పుడు, నాయన కడుపు మళ్ళీ మోగింది. నేను అమ్మ వైపు చూశాను. దగ్గలేదు. అందరికీ వినపడేలా "ఆమెన్" అంది.