జాంపండ్లతో నింపి తెచ్చిన రక్తం

నేను ఇన్నేండ్లు పట్టిన సూది మీద ఒట్టు, ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. నన్నెరిగిన జహీరాబాదువాళ్లు ఇక్కడే నవ్వుతారు. నవ్వనివ్వండి.

ముందస్తు విరమణ తీసుకోవడానికి కొంచెం ముందు, ఒక చలికాలంలో, నన్ను మా ఊరి దవాఖానలోనే ఒక పరిశోధన పనికి వేశారు. నేను గ్రేడ్ వన్ ల్యాబ్ టెక్నీషియన్ని. నా పైన మానసిక వైద్యురాలు. డిప్రెషన్ ఉన్నవాళ్ల రక్తంలో సి, ఇ లాంటి యాంటీఆక్సిడెంట్ విటమిన్లు ఏ మేరకు ఉన్నాయి, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, ఈ రెంటికీ ఏమైనా పొత్తు ఉందా అని చూడాలి.

చెప్పినంత తేలిక కాదు. విటమిన్ సి కొత్తకోడలికంటే సుకుమారం. ఎండ తగిలినా వేడి తగిలినా పాడవుతుంది. పరగడుపున రక్తం తీసి, ట్యూబుకు నల్లకాగితం చుట్టి, ఐసులో పెట్టి, ఆలస్యం చేయకుండా మిషన్లో తిప్పాలి. గుండెవేగం కూడా రాగానే చూడకూడదు. బస్సు దిగి మెట్లెక్కితే ఎవరి గుండె ఉరకదు? కాసేపు పడుకోబెట్టి, ఊపిరి కుదురుకున్నాక ఈసీజీ తీయాలి.

మొగుడంపల్లి దిక్కు నుంచి సుజాతను భర్త నర్సింలు, అత్త కలిసి తీసుకొచ్చారు. నెలల తరబడి నిద్ర లేదు, తిండి లేదు, మాట లేదు. డాక్టరమ్మ ఆమెతో చాలాసేపు మాట్లాడి, ఇది డిప్రెషనే, మందులు మొదలుపెట్టాలన్నది. నర్సింలు అడ్డం తిరిగాడు. "పరీక్షల ఏమన్న తేలితెనే మింగిపిస్త మేడం. ఉత్త మాటలకు మందులేంది?"

పరీక్షకు తారీఖు చెప్పి పంపి, ఆ రోజు పరగడుపున రక్తం, ఈసీజీ తీశాం. రిపోర్టు వచ్చింది. అంత విటమిన్ సి నేను నిమ్మతోటలో కూడా చూడలేదు!

నర్సింలు మొహం వెలిగిపోయింది. "చూసిన్రా సారూ! ఏం బీమారి లేదు. అంతా నకరాలు. పొద్దంత పండుకునుడు, పిలిస్తే పలుకకపోవుడు. నడువ్, ఇంటికి పోదం."

"మరి పండుకోబెట్టినా గుండె గంత జోరుగ ఎందుకు కొట్టుకుంటుందయ్యా?" అన్నాను.

"మీ పట్నపు డాక్టరమ్మను జూస్తే మా బర్రె గుండె గూడ గట్లనే కొట్టుకుంటది!"

ఇంతలో అత్త తనంతట తానే గర్వంగా విప్పింది. "ఉట్టిగ అచ్చిందా సారూ? తారీఖు చెప్పిన కాడి నుంచి కోహీర్ జాంపండ్లు గంపలు గంపలు తెప్పించి తినిపించిన. కోడలికి తిండి పెడ్తలేరని మీ రిపోర్టుల అస్తే ఊర్ల మా ఇజ్జత్ ఏం గావాలె?"

నా ఒళ్లు మండిపోయింది. పరీక్షంటే వీళ్లకు బడిలో పరీక్షే. ముందురోజుల్లో బట్టీ కొట్టించి పాస్ చేయించారు! పొద్దున ఏం తినొద్దని మేం చెప్పాం, పాపం తు.చ. తప్పకుండా పాటించారు. అంతకుముందు ఏం తిన్నదని మాత్రం మేమూ అడగలేదు.

సుజాత అప్పుడు నోరు తెరిచింది. "ముద్ద దిగుతలేదంటె ఇనలే సారూ. పట్టి కుక్కిన్రు."

డాక్టరమ్మ నర్సింలును కూర్చోబెట్టింది. డిప్రెషన్ ఉన్న కొందరిలో ఈ విటమిన్లు తగ్గొచ్చు, తిండి సరిగా లేక కూడా తగ్గొచ్చు. ఏది ముందో ఏది వెనకో తేల్చడానికే ఈ పని. అంతేగాని, విటమిన్ నిండుగా ఉంటే బీమారి లేనట్టు కాదు, గుండె ఉరికితే ఉన్నట్టూ కాదు. బీమారి ఆమె మాటలో తెలిసిందని చెప్పింది. నర్సింలు తల దించుకొని మందులచీటీ తీసుకున్నాడు. ఆ నమూనాను పరిశోధన లెక్కలోంచి తీసేశాం.

ఆ తర్వాత నేను ఎవరి రక్తం తీసినా వారం తిండి అడిగాకే సూది ముట్టాను. ట్యూబులోని రక్తం ఏం తిన్నారో చెబుతుంది. మనిషి ఎట్లున్నదో మనిషినే అడగాలి.

ఇక ఒట్టు పెట్టి కూడా నేను కల్పించింది ఒకటుంది: నర్సింలు తల దించుకోవడం. నిజానికి అతను తల దించుకోలేదు, చీటీ తీసుకోలేదు. రిపోర్టు జేబులో పెట్టుకొని ఆమెను ఇంటికి నడిపించుకుపోయాడు. కొన్నాళ్లకు సుజాత ఒక్కతే బస్సెక్కి వచ్చి, నా బల్ల ముందు నిలబడింది.

"సారూ, రిపోర్టు మంచిగున్నా మందులిస్తరా?"

డాక్టరమ్మ ఇచ్చింది.